క్యోటో, నారా క్షేత్రాలు తీరిగ్గా చూసి రావాలంటే

మొదటిసారి జపాన్ వెళ్లినప్పుడు ఒక్కరోజులో క్యోటోలో ఏడు చోట్లు తిరిగాను. రాత్రి గదికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏ మంటపం ఏ ఆలయానిదో నాకే గుర్తు రాలేదు. రెండోసారి అమ్మను తీసుకెళ్లాను. ఆవిడ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని రోజుకు రెండు మూడు చోట్లకు మించి పెట్టుకోలేదు. ఆ ప్రయాణంలో ప్రతి ఉదయం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. అందుకే ఇక్కడ ఆ రెండో పద్ధతే చెబుతున్నాను.

నారా 710 నుంచి 784 వరకు, క్యోటో 794 నుంచి 1868 వరకు జపాన్ రాజధానులు. క్యోటో పరిసరాల్లోనే 17 కట్టడాలను యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు వేయాల్సిన నగరాల జాబితాలో క్యోటో పేరు కూడా ఉండేది. అమెరికా యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని తీయించాడు. అలా మిగిలిన ఊరు అది. వారం రోజుల్లో అంతా చూడడం ఎవరివల్లా కాదు కాబట్టి ఆ ఆశ ముందే వదిలేసి, ఐదు రోజులకు సరిపడా ఎంచుకుందాం.

ముందుగా నెల ఖాయం చేసుకోండి

చెర్రీ పూలు మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఉంటాయి. మేపుల్ ఆకులు ఎర్రబడేది నవంబర్ రెండో సగం నుంచి డిసెంబర్ మొదట్లో. రెండూ చూడదగ్గవే. కానీ ఆ రోజుల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి, వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. ఏప్రిల్ చివరి నుంచి మే 5 వరకు గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఒబోన్, కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులు... ఈ సెలవుల్లో జపాన్ వాళ్లంతా ప్రయాణాల్లోనే ఉంటారు. జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య దాకా వానలు. ఆ తర్వాత ఆగస్టు ముగిసేదాకా 35 డిగ్రీలు దాటే ఎండ, దాంతోపాటు ఉక్కపోత. విజయవాడలో మే నెల గడిపినవాళ్లకు అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నన్నడిగితే మే 8 తర్వాత, నెలాఖరు లోపల వెళ్లమంటాను. గోల్డెన్ వీక్ అయిపోయి ఉంటుంది, వానలు మొదలవవు, మన పిల్లలకు వేసవి సెలవులు. చెట్లన్నీ లేత పచ్చగా ఉంటాయి. చలి ఓర్చుకోగలిగితే ఫిబ్రవరి కూడా బాగుంటుంది, జనం తక్కువ.

వీసా, విమానం

భారతీయులకు వీసా తప్పనిసరి. వీఎఫ్ఎస్ కేంద్రం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. రోజువారీగా ఎక్కడ ఉంటారు, ఏం చూస్తారు అన్న ప్రయాణ పట్టిక ఒకటి అడుగుతారు. ఈ వ్యాసం చదివాక అది రాయడం మీకు సులువవుతుంది. విమానం ఎక్కే ముందే ‘విజిట్ జపాన్ వెబ్’లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకుంటే అక్కడి విమానాశ్రయంలో టెన్షన్ ఉండదు.

మనవాళ్లు చాలామంది అలవాటుగా టోక్యోకు టికెట్ తీసుకుంటారు. మీ ప్రయాణం ప్రధానంగా క్యోటో, నారాల కోసమే అయితే ఒసాకా దగ్గరున్న కన్సాయ్ విమానాశ్రయానికి తీసుకోండి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్ మీదుగా వెళ్లొచ్చు. సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద ఉంటుంది ఆ విమానాశ్రయం. బయటికి రాగానే ‘హరుకా’ అనే రైలెక్కితే సుమారు గంటా ఇరవై నిమిషాల్లో నేరుగా క్యోటో స్టేషన్లో దిగుతారు. విదేశీ పర్యాటకులకు ముందుగా ఆన్‌లైన్లో కొంటే దాని టికెట్ తక్కువకు వస్తుంది.

పాస్ కొనకండి, కార్డు తీసుకోండి

‘జపాన్ రైల్ పాస్ కొంటే డబ్బులు మిగులుతాయి’ అన్న సలహా పాతబడిపోయింది. 2023 అక్టోబర్లో ధరలు పెంచాక ఏడు రోజుల పాస్ 50,000 యెన్లు అయింది. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలులో ఒకవైపు సుమారు 14,000. రానూ పోనూ కలిపినా పాస్ ధరకు చాలా దూరం. క్యోటో, నారాలకే పరిమితమైతే దానితో పనే లేదు.

స్టేషన్లో యంత్రం దగ్గర ‘ఇకోకా’ కార్డు తీసుకోండి. 2,000 యెన్లు ఇస్తే అందులో 500 డిపాజిట్, మిగతాది ప్రయాణానికి. రైళ్లలో, సిటీ బస్సుల్లో, చిన్న దుకాణాల్లో అదే కార్డు పనికొస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు ఫోన్లోనే పెట్టుకోవచ్చు. మన దేశంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఇది పనిచేయదు, కాబట్టి మామూలు కార్డే నయం.

ఆలయాల్లో ప్రవేశ రుసుము చాలాచోట్ల నగదే తీసుకుంటారు. ఒక్కో చోట 500 నుంచి 800 యెన్లు. 100 యెన్లంటే ఈమధ్య దాదాపు 60 రూపాయలు. సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు మన కార్డులు తీసుకుంటాయి.

బస ఎక్కడ

క్యోటో స్టేషన్‌కు పది నిమిషాల నడకలో గది తీసుకోండి. అక్కడ ఊరి అందం పెద్దగా కనిపించదు, నిజమే. కానీ నారాకు, ఫుషిమికి, అరషియామాకు రైళ్లన్నీ అక్కడినుంచే బయల్దేరుతాయి. తెల్లవారుజామునే బయటపడాలనుకునే వాళ్లకు అది పెద్ద సాయం. ఒక్క రాత్రయినా రియోకాన్ అనే సంప్రదాయ బసలో, చాపల గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకోండి. మనకు నేల కొత్త కాదు కాబట్టి హాయిగానే ఉంటుంది.

టోక్యో నుంచి పెద్ద సూట్‌కేసుతో వచ్చేవాళ్లకు ఒక మాట. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెకు బుల్లెట్ రైల్లో ముందుగా చోటు రిజర్వ్ చేసుకోవాలి. అంతకంటే హోటల్ కౌంటర్లో చెప్పి ‘తక్యూబిన్’ అనే సామాను చేరవేసే సర్వీసులో పంపేయండి. మామూలుగా మర్నాటికల్లా తర్వాతి హోటల్‌కు చేరిపోతుంది. ఆ రైల్లో కుడివైపు కిటికీ సీటు, అంటే ‘ఇ’ సీటు అడగండి. టోక్యో దాటిన ముప్పావు గంటకు, ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం కనిపిస్తుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

అన్నిటికంటే ముందు సాక్సులు. ఆలయాల్లో చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి. మనలా వట్టి పాదాలతో నడవడం అక్కడ మర్యాద కాదు, చలికాలంలో ఆ చెక్క మంచులా ఉంటుంది కూడా. బూట్లు లేసులు లేనివైతే రోజుకు పదిసార్లు వంగి లేచే శ్రమ తప్పుతుంది. ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి కూడా ఉంచుకోండి, ఎందుకంటే వీధుల్లో చెత్తబుట్టలు కనిపించవు, మన చెత్త మనతోనే గదికి రావాలి. అక్కడి కరెంటు 100 వోల్టులు, రెండు బల్లపరుపు పిన్నులు. మన గుండ్రటి పిన్నులు పట్టవు, అడాప్టర్ కావాలి.

కందిపొడి, పచ్చడి సీసా పెట్టుకోండి. మాంసంతో చేసినవి, పచ్చి కరివేపాకు, పండ్లు మాత్రం వద్దు. మొక్కలు, మాంసం విషయంలో అక్కడి తనిఖీ గట్టిగా ఉంటుంది.

గుడిలో ఎలా నడుచుకోవాలి

అక్కడ రెండు రకాల క్షేత్రాలున్నాయి. ‘జింజా’ లేదా ‘తాయ్‌షా’ అంటే జపాన్ సొంత మతమైన షింటో దేవతలవి. ముందు ‘తోరీ’ అనే స్తంభాల ద్వారం ఉంటుంది. పేరు చివర ‘జి’ లేదా ‘దేరా’ వస్తే అది బౌద్ధాలయం. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే నమస్కరించే తీరు వేరు.

షింటో క్షేత్రంలో తోరీ దాటే ముందు చిన్నగా తల వంచుతారు. దారి మధ్య భాగం దేవుడిదని పక్కగా నడుస్తారు. నీళ్ల తొట్టె దగ్గర గరిటె కుడిచేత పట్టి ఎడమ చెయ్యి కడగాలి, తర్వాత చెయ్యి మార్చి కుడిది, ఆ తర్వాత ఎడమ అరచేతిలోకి నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెను నోటికి తాకించకూడదు. చివర్లో గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి తర్వాతి మనిషికి శుభ్రంగా అందుతుంది. దేవుడి ముందు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు నడుము వంచి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో కోరుకుని, మళ్లీ ఒకసారి వంగాలి. 5 యెన్ల నాణెం వేయడం ఆనవాయితీ. ఆ భాషలో ‘గో-ఎన్’ అంటే ఐదు యెన్లు, అనుబంధం అన్న అర్థం కూడా వస్తుంది.

బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టరు. మనలాగే చేతులు జోడించి నిశ్శబ్దంగా నిలబడితే చాలు. లోపల ఫొటోలు చాలాచోట్ల నిషేధం. ఎవరూ చూడట్లేదు కదా అని తీయకండి.

మొదటి రోజే ‘గోషుయిన్‌చో’ అనే పుస్తకం ఒకటి కొనుక్కోండి. దర్శనం అయ్యాక కౌంటర్లో ఇస్తే, కుంచెతో నల్లసిరాతో ఆలయం పేరు, తేదీ రాసి ఎర్రటి ముద్రలు వేసిస్తారు. ఒక్కోదానికి 300 నుంచి 500 యెన్లు. మామూలు నోట్‌బుక్ ఇవ్వకూడదు. అది దర్శనానికి గుర్తు కాబట్టి దండం పెట్టుకోకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. అమ్మ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది.

మొదటి రోజు: తోజి, సాంజూసాంగెన్‌దో

జపాన్ సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 6 అంటే మన శరీరానికి రాత్రి రెండున్నర. కాబట్టి మొదటి రోజు తెల్లవారుజాము ప్రయాణం పెట్టుకోవద్దు. ఎనిమిదిన్నరకు తీరిగ్గా బయల్దేరి స్టేషన్ దగ్గరి రెండు ఆలయాలు చూడండి. పర్యాటకులు సాధారణంగా వీటిని చివరికి వదిలేస్తారు. మన తెలుగువాళ్లు మాత్రం వీటితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

స్టేషన్ నుంచి నైరుతి వైపు పావుగంట నడిస్తే తోజి. ఐదంతస్తుల పగోడా సుమారు 55 మీటర్ల ఎత్తు, జపాన్‌లో చెక్కతో కట్టిన గోపురాల్లో ఇదే ఎత్తైనది. ఇప్పుడున్నది 1644 నాటిది. దాన్ని బయటినుంచి చూసి, ‘కోదో’ అనే ఉపన్యాస మందిరంలోకి వెళ్లండి. మసక వెలుతురులో 21 విగ్రహాలు మండలంగా అమర్చి ఉంటాయి. ఒక చివర ఏనుగు మీద ఒక కాలు మడిచి కూర్చున్న దేవుడు తాయ్‌షాకుతెన్, అంటే మన ఇంద్రుడు. రెండో చివర హంసల్లాంటి బాతుల మీద నాలుగు ముఖాలతో కూర్చున్నది బోన్‌తెన్, అంటే బ్రహ్మ. ఐరావతమూ హంసవాహనమూ చైనా మీదుగా సముద్రం దాటి వచ్చి ఇక్కడ కూర్చున్నాయి.

ఈ ఆలయాన్ని 823లో అప్పటి చక్రవర్తి, కూకాయ్ అనే భిక్షువుకు అప్పగించాడు. కూకాయ్ 804లో చైనా వెళ్లి, అక్కడున్న భారతీయ పండితుడు ప్రజ్ఞ దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ సంప్రదాయపు ఆలయాల్లో ఇప్పటికీ అగ్నిలో సమిధలు వేస్తూ చేసే పూజను ‘గోమా’ అంటారు. మన హోమమే. జపాన్ అక్షరమాల వరుస కూడా ఒకసారి పైకి చదివి చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృతం రాసే సిద్ధం లిపిని చదువుకున్న భిక్షువుల వల్ల వచ్చిన క్రమం అది. నెలలో 21వ తేదీన మీరు క్యోటోలో ఉంటే ఆ రోజే తోజికి వెళ్లండి. కూకాయ్ పేరున పెద్ద సంత జరుగుతుంది. పాత కిమోనోలు, పింగాణీ, పనిముట్లు అన్నీ దొరుకుతాయి.

మధ్యాహ్నం సాంజూసాంగెన్‌దో. స్టేషన్ నుంచి తూర్పుగా ఇరవై నిమిషాల నడక. 1164లో కట్టి, 1249లో కాలిపోతే 1266లో మళ్లీ కట్టిన మందిరం. పొడవు సుమారు 120 మీటర్లు. లోపల 1,001 కన్నోన్ విగ్రహాలు. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు, కరుణకు రూపమైన బోధిసత్వుడు. మధ్యలో కూర్చున్న పెద్ద విగ్రహాన్ని చెక్కిన తాంకేయ్‌కు అప్పటికి 82 ఏళ్లు. అగ్నిప్రమాదంలో భిక్షువులు బయటికి మోసి కాపాడినవి 124 విగ్రహాలు, అవి ఇంకా ఆ వరుసల్లోనే ఉన్నాయి. వెయ్యి ముఖాల్లో మనకు కావలసినవాళ్ల ముఖం ఒకటి తప్పక కనిపిస్తుందని అక్కడివాళ్లు అంటారు.

ఆ వరుసల ముందు 28 మంది రక్షక దేవతలు నిలబడి ఉంటారు. వాళ్ల పేర్లు చదువుతూ నెమ్మదిగా నడవండి. పక్షి ముక్కు, రెక్కలు ఉండి వేణువు ఊదుతున్నవాడు ‘కరురా’. అమ్మ బోర్డు చదవకుండానే ఆగి "గరుత్మంతుడు కదూ" అంది. ఎముకలు తేలిన ముసలి ఋషి, కిన్నరుడు, ఇంద్రుడు, బ్రహ్మ, నారాయణుడి పేరు మోసే యోధుడు... ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ గంటన్నర ఉన్నాం. ఫొటోలు తీయనివ్వరు కాబట్టి కళ్లతోనే చూస్తాం, అదీ ఒకందుకు మంచిదే. ఆ రోజుకు ఇక చాలు, గదికి వెళ్లి త్వరగా పడుకోండి.

రెండో రోజు: ఫుషిమి ఇనారి

ఇది 24 గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) నారా లైన్లో రెండో స్టేషన్ ‘ఇనారి’, ఐదు నిమిషాలు. ర్యాపిడ్ రైళ్లు అక్కడ ఆగవు, ‘లోకల్’ అని చూసి ఎక్కండి. ఆరున్నరకల్లా అక్కడుంటే ఎర్రటి తోరీల సొరంగంలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. తొమ్మిదయ్యాక వస్తే ముందున్న వాళ్ల వీపులు చూస్తూ నడవాలి.

ఇనారి వరి పంటను కాచే దేవత. నక్క ఆయన దూత. అక్కడి నక్క విగ్రహాల నోట్లో తాళంచెవి కనిపిస్తే అది ధాన్యపు కొట్టుది. కొండ పొడవునా సుమారు పదివేల తోరీలున్నాయి. ఎక్కేటప్పుడు అవి ఎర్రగా, ఖాళీగా కనిపిస్తాయి. కాసేపు ఆగి వెనక్కి తిరిగితే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలు, ఎవరు, ఎప్పుడు సమర్పించారో ఉంటుంది. మన తిరుమల మెట్ల మీద దాతల పేర్లు చదువుకుంటూ ఎక్కినవాళ్లకు అది సొంత ఊరి సంగతిలా అనిపిస్తుంది.

కొండ ఎత్తు 233 మీటర్లు. పూర్తిగా తిరిగి రావడానికి రెండు మూడు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అరగంట, నలభై నిమిషాల్లో వచ్చే ‘యొత్సుత్సుజి’ అనే కూడలి దాకా ఎక్కితే చాలు. అక్కడ బెంచీలున్నాయి, ఊరంతా కనిపిస్తుంది. తోరీలు పలచబడే పైభాగంలోనే పాచి పట్టిన చిన్న చిన్న గుళ్లు వందలుగా ఉంటాయి. కింద ఫొటో తీసుకుని తిరిగిపోయేవాళ్లు వాటిని చూడరు.

మూడో రోజు: నారా

క్యోటో స్టేషన్ నుంచి కింతెత్సు రైలు ఎక్కండి, ముప్పావు గంట. జేఆర్ రైలు కూడా ఉంది గానీ కింతెత్సు స్టేషన్ నుంచే ఉద్యానవనం దగ్గర. దిగి పది నిమిషాలు నడవగానే జింకలు ఎదురొస్తాయి. వెయ్యికి పైనే ఉన్నాయి. ఇక్కడి కసుగా క్షేత్రపు దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని వాటిని దైవదూతలుగా చూస్తారు. వాటికోసం అమ్మే బిస్కెట్లు తప్ప వేరేవి పెట్టకండి. బిస్కెట్లు చేతిలో పెట్టుకుని ఊరించొద్దు, బట్టలు పట్టి లాగుతాయి. అయిపోయాక రెండు చేతులూ ఖాళీగా చాపి చూపిస్తే వెళ్లిపోతాయి. చీర కొంగు, చేతిలో కాగితాలు జాగ్రత్త.

తోదాయ్‌జి ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ఏడున్నరకు, మిగతా నెలల్లో ఎనిమిదికి తెరుస్తారు. ముందు దక్షిణ ద్వారంలో రెండు వైపులా ఎనిమిది మీటర్లు దాటిన ద్వారపాలకులు. 1203లో ఉన్‌కేయ్, కాయ్‌కేయ్ అనే శిల్పులు తమ బృందంతో చెక్కారు. అందరూ నేరుగా బుద్ధుడి దగ్గరికి పరుగెత్తుతారు. మీరు ఇక్కడ పది నిమిషాలు ఆగండి. ఒకరి నోరు తెరిచి ఉంటుంది, మరొకరిది మూసి. ఒకరు ‘అ’ అంటున్నట్టు, ఇంకొకరు ‘హూం’ అంటున్నట్టు.

లోపలి మహాబుద్ధుడు వైరోచనుడు. కూర్చున్న విగ్రహమే దాదాపు 15 మీటర్లు, కంచు. ఇప్పటి మందిరం 1709లో కట్టినది, వెడల్పు 57 మీటర్లు. అంతకు ముందున్నది ఇంకా వెడల్పుగా ఉండేది.

752లో ఈ విగ్రహానికి కళ్లు దిద్దే ఉత్సవం జరిగింది, మన నేత్రోన్మీలనం లాంటిదే. దాన్ని నడిపింది భారతదేశం నుంచి వచ్చిన బోధిసేనుడు అనే భిక్షువు. ఆయన 736లో చైనా మీదుగా జపాన్ చేరాడు. ఆయన కనుపాపలు దిద్దుతుంటే, కుంచెకు కట్టిన తాళ్లను కింద ఉన్నవాళ్లు పట్టుకున్నారు, ఆ పుణ్యంలో తమకూ భాగం రావాలని. ఆ కుంచె, ఆ నీలిరంగు తాడు షోసోయిన్ అనే భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఈ సంగతి తెలిసి ఆ విగ్రహం ముఖం వైపు చూడడం వేరు, తెలియకుండా చూడడం వేరు. జపాన్ బౌద్ధానికి మూలగురువుగా కొలిచే ‘ర్యూజు’ కూడా పరాయివాడు కాదు. మనం నాగార్జునకొండతో ముడిపెట్టి చెప్పుకునే ఆచార్య నాగార్జునుడే ఆయన.

అక్కడినుంచి అడవి దారిలో అరగంట నడిస్తే కసుగా తాయ్‌షా. 768లో స్థాపించిన ఈ క్షేత్రంలో సుమారు 3,000 దీపస్తంభాలు, వేలాడే లాంతర్లు ఉన్నాయి. వాటన్నిటినీ ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెత్సుబున్ అనే పండుగ రోజున, ఆగస్టు 14, 15 తేదీల్లో వెలిగిస్తారు. ఓపిక ఉంటే నారా నుంచి మరో రోజు హోర్యూజి వెళ్లండి. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాలు అక్కడివే. అందులోని పాత కుడ్యచిత్రాలను పండితులు అజంతాతో పోలుస్తుంటారు. 1949 అగ్నిప్రమాదంలో అవి చాలావరకు దెబ్బతిన్నాయి.

నాలుగో రోజు: ఆరింటికి కియోమిజుదేరా

ఈపాటికి శరీరం అలవాటు పడి ఉంటుంది. కియోమిజుదేరా ఉదయం ఆరింటికే తెరుస్తారు, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. 778లో మొదలైన ఆలయం, ఇప్పటి ప్రధాన మందిరం 1633 నాటిది. లోయ మీదికి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక 13 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పైనుంచి చూశాక కిందికి దిగి ఆ స్తంభాలను కూడా చూడండి. మేకులు లేకుండా దూలాల్లో దూలాలు దూర్చి నిలబెట్టారు. కింద ఓతోవా జలధార మూడు పాయలుగా పడుతుంది. ఏదో ఒక పాయ నీళ్లు తాగాలి, మూడూ తాగితే అత్యాశ అంటారు.

తిరుగుదారిలో సాన్నెన్‌జాకా, నినెన్‌జాకా అనే రాతి మెట్ల వీధులు. ఏడున్నరకు దుకాణాలు తెరవరు. అదే మంచిది, చెక్క ఇళ్లు మాత్రమే కనిపిస్తాయి. అలా నడుస్తూ యసాకా పగోడా దాటి గియోన్ అనే పాత పేట చేరొచ్చు. అక్కడ ప్రైవేటు సందుల్లోకి వెళ్లకూడదు, ఫొటో తీస్తే 10,000 యెన్లు జరిమానా అని బోర్డులుంటాయి. గేయిషాలు అనే సంప్రదాయ నృత్య సంగీత కళాకారిణులు, వాళ్ల శిష్యురాళ్లు పనికి వెళ్తుంటారు. దారి వదలండి, వెంటపడి ఫొటోలు తీయకండి. మన ఇంటి ఆడపిల్ల ఆఫీసుకు వెళ్తుంటే ఎవరైనా అలా చేస్తే ఊరుకోం కదా.

ఐదో రోజు: పడమటి వైపు

జేఆర్ సగానో లైన్లో సాగా-అరషియామా స్టేషన్లో ఏడింటికి దిగండి. వెదురు వనం దారి చిన్నదే, పొద్దున్నే తప్ప ఆనందం ఉండదు. తర్వాత తెన్‌ర్యూజి తోట. అక్కడినుంచి సిటీ బస్సు కోసం నిలబడకుండా ‘రాన్‌దెన్’ అనే చిన్న ట్రామ్ ఎక్కి, కతాబిరనొత్సుజి దగ్గర మారి రియోఆన్‌జి స్టేషన్లో దిగండి.

రియోఆన్‌జిలో తెల్లటి గులకల మధ్య 15 రాళ్లు. వరండాలో ఎక్కడ కూర్చున్నా అన్నీ ఒకేసారి కనిపించవు, ఏదో ఒకటి దాక్కుంటుంది. అరగంట కూర్చోండి. అక్కడినుంచి ఇరవై నిమిషాల నడకలో కింకాకుజి. బంగారు రేకులు తాపిన మంటపం చెరువులో మెరుస్తుంది. 1950లో ఒక యువ భిక్షువు దాన్ని తగలబెట్టాడు, 1955లో మళ్లీ కట్టారు. ఇక్కడ లోపలికి వెళ్లేది లేదు, చూసి బయటపడడానికి ముప్పావు గంట చాలు. తిరిగి స్టేషన్‌కు 205 నంబరు బస్సు ఉంది. వెనక తలుపు నుంచి ఎక్కి, దిగేటప్పుడు డ్రైవర్ దగ్గర 230 యెన్లు కట్టాలి.

తిండి సంగతి

శాకాహారులకు అసలు ఇబ్బంది ‘దాషి’. చేపను ఎండబెట్టి కాచిన రసం అది. కూరగాయల కూర, నూడుల్స్, టోఫు ఏదైనా అందులో ఉడికి ఉండొచ్చు. "నికు మో సకానా మో తబెమాసెన్. దాషి మో దమే దెసు" అని చెప్పండి. మాంసం, చేప తినను, దాషి కూడా వద్దు అని అర్థం. ఫోన్లో జపనీస్‌లో రాసి చూపిస్తే ఇంకా నయం. భిక్షువుల శాకాహార భోజనాన్ని ‘షోజిన్ ర్యోరి’ అంటారు. ఒక్కసారైనా తినండి, ముందుగా బుక్ చేసుకోవాలి. మిగతా పూటలకు చిన్న దుకాణాల్లో మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి. కందిపొడి ఉంది కదా, గడిచిపోతుంది.

అరపూట మిగిలితే

విమానం సాయంత్రమైతే పొద్దున ఉజి వెళ్లండి. నారా లైన్లోనే, ర్యాపిడ్ రైలు ఆగుతుంది. ఆకుపచ్చ తేనీటి పొడికి పేరున్న ఊరు. నది ఒడ్డున బ్యోదోఇన్ ఆలయం, 1053లో కట్టిన ఫీనిక్స్ మంటపం. చెరువు ఇవతలి గట్టున నిలబడి జేబులోంచి 10 యెన్ల నాణెం తీసి ఎదురుగా పట్టుకోండి. నాణెం మీదున్నది ఆ మంటపమే. అమ్మ ఆ నాణేన్ని ఖర్చు పెట్టనివ్వలేదు.